ఓడకు ఎదుర్కోలు

"ఆ పెట్టి నా వాకిట్లో ఎట్టకు. తియ్యి!"

నారాయణమ్మ కేకకి ఆటో డ్రైవరు చక్రాల పెట్టెను నేల మీద దించబోయి మళ్ళీ ఎత్తి పట్టుకున్నాడు. పెట్టె పిడికి ఓడవాళ్ళు కట్టిన నీలం చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. దాన్ని చూసేసరికి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"అప్పా, ముందు నా మాట ఇను..." అన్నాడు గోవిందరావు.

"ఏటి ఇనాల్రా? నీ అల్లుడు నిన్న మజ్జానం ఎల్లినోడు ఇంకా రానేదు. నువ్వు ఓడెక్కి ఊరేగొచ్చావు. ఇంకేటుంది ఇనడానికి?"

గోవిందరావు తల దించుకున్నాడు. నారాయణమ్మ అతనికి తోడబుట్టిన అక్క. పైగా వియ్యపురాలు. తన కూతురు గౌతమిని ఆవిడ కొడుకు మన్మథరావుకే ఇచ్చి చేశాడు. ఆ మన్మథరావే నిన్నటి నుంచి సముద్రం మీద కనిపించడం లేదు.

కబురు తెలిసి, ఓడ ఒడిశా రేవులో ఆగగానే దిగిపోయి, రైలెక్కి పలాసలో దిగి, తిన్నగా ఇక్కడికే వచ్చారు ముగ్గురూ. గోవిందరావు, అతని భార్య చిన్నతల్లి, కోడలు రూప. 

"నీ వియ్యంకులేరీ? టెక్కలోలు?" అంది నారాయణమ్మ ఆటోలోకి తొంగి చూస్తూ. "ఆల్లు దిగనేదా?"

"ఆల్లు... ఓడలోనే ఉన్నారు."

"ఉంతారు. ఎందుకు దిగుతారు? పోయినోడు ఆల్ల అల్లుడా?"

వాకిట్లో చేరిన ఆడవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. రూప ముఖం కందిపోయింది. టెక్కలోళ్ళంటే ఆమె కన్న తల్లిదండ్రులే మరి.

గోవిందరావు కొడుకు వాసు ఆ పెద్ద విహారపు ఓడలో వంటవాడు. అందులో పనిచేసేవాళ్ళు ఏడాదికోసారి ఇంటివాళ్ళని తీసుకెళ్ళొచ్చు. వాసు అమ్మానాన్నల్ని, పెళ్ళాన్ని, అత్తమామల్ని రమ్మన్నాడు. చెల్లెలు గౌతమినీ బావ మన్మథరావునీ పిలవలేదు. మర్చిపోయి కాదు. అత్తమామలకి చోటు పోగా ఇంక చోటు లేకపోయింది, అంతే. మనుషుల్ని బాధపెట్టడానికి పెద్ద కారణాలు ఎప్పుడు కావాలి?

"కన్నతల్లికి కూడెట్టనోడు పినతల్లికి బంగారు గాజులు సేయించాడంట," అంది నారాయణమ్మ. "నీ కొడుకు తోడబుట్టినదాన్ని ఒగ్గేసి అత్తమామల్ని ఓడెక్కించాడు. పోనీ, అది ఆడిట్టం. టికెట్టుకి గుర్తురాని అల్లుడు ఎదుర్కోలుకి ఎలగ గుర్తొచ్చాడ్రా నీకు?"



కొత్త బోటు మొదటిసారి ఊరి ముందుకి వస్తే ఎదుర్కోలు ఇవ్వడం ఆ ఊరి ఆచారం. ఇంటి అల్లుడు మరో బోటులో ఎదురెళ్ళి, కొత్త బోటు చుట్టూ తిరిగి పసుపునీళ్ళు చల్లి హారతి పడతాడు. అది అల్లుడికి దక్కే మర్యాద. టికెట్టు దగ్గర అల్లుడికి జరిగిన చిన్నతనాన్ని ఈ మర్యాదతో కప్పెయ్యొచ్చని గోవిందరావుకి తోచింది. విశాఖలో ఓడెక్కే ముందు ఫోన్ చేసి, "ఓడ మనూరి ముందు నుంచే ఎల్తాది అల్లుడా, ఎదుర్కోలు నీదే" అన్నాడు.

అంతస్తుల మీద అంతస్తులున్న ఓడకి పసుపునీళ్ళేమిట్రా అని ఊళ్ళో కుర్రాళ్ళు పడీ పడీ నవ్వారు. తోడు ఎవ్వరూ రామన్నారు. మన్మథరావు మాత్రం మామ మాట తీసెయ్యలేక ఒక్కడే బోటేసుకుని వెళ్ళాడు.

"పసుపునీల్లు నానే కలిపిచ్చాను," అంది గౌతమి.

అరుగు చివర గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. తల్లి వంక చూడలేదు. రూపనే అడిగింది.

"ఒదినా, నిజిం సెప్పు. ఆయన ఓడ కాడికి వచ్చాడా?"

"రాలేదు," అంది రూప. గౌతమి మాట పూర్తయ్యేలోపే అనేసింది. "నేను డెక్కు మీదే ఉన్నాను కదా గౌతమీ. మధ్యాహ్నం నుంచీ చూస్తూనే ఉన్నాం. ఏ బోటూ రాలేదు."

"సరిగ్గా సూసావా?"

"చూశానంటే చూశాను. మీ అన్నయ్య కూడా ఉన్నాడు. కావాలంటే అడుగు."

"మరి అమ్మ?"

"అత్తయ్యకి కళ్ళు తిరిగితే రూములో పడుకున్నారు."

చిన్నతల్లి నోరు తెరిచింది. వెంటనే కొంగు అడ్డం పెట్టుకుంది. కూతురు ఇప్పుడు తన వైపు తిరిగితే ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు. గౌతమి తిరగలేదు.

"నువ్వేటి సేత్తన్నావురా?" అని తమ్ముణ్ణి నిలదీసింది నారాయణమ్మ.

"నాకు ఆ ఏసీ పడనేదప్పా. కక్కులొచ్చి తొంగున్నాను."

ఎవరో కిసుక్కుమన్నారు. పుట్టింది మొదలు కెరటాల మీద బతికినవాడికి పరుపుల ఓడలో కక్కులొచ్చాయట. ఇంకో రోజైతే ఊరంతా నెల్లాళ్ళు నవ్వుకునేది.

ఇంతలో పాపారావు వచ్చాడు. ఊరి బోట్లన్నిటికీ అతనే పెద్ద. పొద్దున్నుంచీ నీళ్ళ మీదే ఉన్నాడేమో, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆడవాళ్ళని పక్కకి తప్పుకోమని గోవిందరావు ఎదురుగా నిలబడ్డాడు.

"ఒక్క మాటే అడుగుతాను. మన్మథుడు ఓడ కాడికి వచ్చాడా, రానేదా?"

"మాకు అవుపడనేదు పాపారావు."

"అయితే ఓడ దాకా ఎల్లకముందే ఇంజినాగిపోనాది. ఈ నెల్లో నీరు దచ్చినానికి లాగుతాది. భావనపాడు దాకా ఓపాలి సూసొచ్చాం. మరోపాలి ఎల్తాం. పోలీసోల బోటుకీ అటే సెప్పాం."

"పొద్దోతే?" అంది నారాయణమ్మ.

పాపారావు డీజిలు పొయ్యమని కుర్రాళ్ళని కేకేస్తూ ఒడ్డుకి వెళ్ళిపోయాడు. చిన్నతల్లిని అతను ఒక్క మాటా అడగలేదు. సముద్రం సంగతి ఆడవాళ్ళని అడిగే అలవాటు ఆ ఊళ్ళో లేదు. అడక్కపోవడం చూసి రూప ఊపిరి పీల్చుకుంది. చిన్నతల్లికి మాత్రం ఎవరైనా అడిగితే బాగుండుననిపించింది. అడిగితే చెప్పేస్తుందేమో. ఆ భయమూ ఉంది, ఆ ఆశా ఉంది.

"ఇంక ఎల్లండి," అంది నారాయణమ్మ. "మీ మొకాలు నాకు సూపించకండి. ఒలే గౌతమీ, నువ్వూ ఇను. మీయమ్మ గడప తొక్కావంతే మల్లీ నా గడప తొక్కకు."

గౌతమి కదల్లేదు.

* * *

పక్క వీధిలో తమ ఇంటి తాళం తీసి, పెట్టెలు లోపల పడేసి, గోవిందరావు ఒడ్డుకి పరిగెత్తాడు. చిన్నతల్లి చాప కూడా వేసుకోకుండా కటిక నేల మీద కూర్చుంది. రూప పెట్టె తెరిచి బట్టలు తీయసాగింది. ఓడలో ఇచ్చిన చిన్న చిన్న సబ్బులు చీరల మధ్య నుంచి రాలి పడ్డాయి.

"కోడలా," అంది చిన్నతల్లి. "తప్పు సేత్తన్నాం."

"రైల్లో మావయ్య నిద్రపోతున్నప్పుడే మాట్లాడుకున్నాం కదా అత్తయ్యా. మళ్ళీ మొదలెట్టకండి."

"నువ్వు మాటాడావు. నాను ఇన్నాను."

"మరి విన్నారుగా. ఇంకేంటి?"

"ఆల్లు భావనపాడు ఎల్తన్నారే! అల్లుడు పడింది ఉత్తరాన, బారువ లైటౌసు దాటేక. ఇటొదిలేసి అటు ఎతికితే ఎలగ దొరుకుతాడు?"

"మెల్లగా!" రూప లేచి తలుపు దగ్గరకి వేసింది. "గోడలకి చెవులుంటాయి."

చిన్నతల్లి నోరు మూసుకుంది. మూసుకోవడం నిన్నే అలవాటైంది.

నిన్న మధ్యాహ్నం దాకా ఆమె అంత సుఖం ఎన్నడూ ఎరగదు. తట్ట ఎత్తమనే వాళ్ళు లేరు. చేపల బేరం లేదు. ఎవరో వచ్చి పక్క దులిపి వెళ్తున్నారు, ఎవరో వచ్చి పళ్ళెం తీసుకెళ్తున్నారు. సముద్రం మీద నీళ్ళతొట్టి కట్టుకుని అందులో ఈతలు కొడుతున్న జనాన్ని చూసి కడుపుబ్బ నవ్వింది. అన్నిటికంటే వాసు! తెల్లటి కోటు, నెత్తిన తెల్లటి టోపీ. కొడుకుని ఆమె ఎప్పుడూ తడి లుంగీతోనే ఊహించుకునేది. ఆ తెల్లబట్టలు చూసి ఆమెకి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఆ కొడుకే ఆమె పక్కన కమ్మీ పట్టుకుని నిలబడి, అప్పటికే బోటెక్కిన బావకి ఫోన్ చేశాడు. "బావా, మనూరి ముందు ఓడ చాలా లోపల్నుంచి పోతాది. నువ్వు బారువ దాటి రా. అక్కడ జనాలకి తీరం సూపిత్తామని దగ్గిరికొచ్చి మెల్లగా పోతారు." ఈ ఫోన్ సంగతి గోవిందరావుకి తెలియదు. ఊరికి అసలే తెలియదు.

మన్మథరావు వచ్చాడు. బోటు మీద నిలబడి నవ్వుతూ వచ్చాడు. ఓడ ముందు నుంచి తిరగలేక వెనక నుంచి చుట్టు తిరగబోయాడు. ఓడ వెనకాల తెల్లగా మరిగే నీళ్ళు ఆ బోటుని ఎత్తి పడేశాయి. మళ్ళీ కనిపించేసరికి బోటు బోర్లా పడి ఉంది. దాని మీద ఒక చెయ్యి వేసి మన్మథరావు వేలాడుతున్నాడు.

చిన్నతల్లి కేక పెట్టింది. వాసు ఆమె నోరు నొక్కి లోపలికి లాక్కుపోయాడు.

"ఓడాపమని సెప్పరా!"

"అమ్మా, ఇక్కడ దాకా పిలిచింది నానని తెలిత్తే నన్ను రేవులోనే దించేత్తారు. బావకి ఈతొచ్చు. ఎనక ఇంకో బోటుంది, ఆల్లు తీత్తారు."

వెనక ఇంకో బోటు లేదు. చిన్నతల్లి కళ్ళతో చూసింది కాబట్టి ఆమెకి తెలుసు. అయినా లోపలికి వెళ్ళిపోయింది.

బోటు తిరగబడడం చూసినవాడు తన వల కోసేసుకునైనా వెళ్ళాలి. ఊరి కట్టు అది. చూసి కూడా వెళ్ళనివాడి బోటుని ఎవరూ ఒడ్డుకి లాగరు, వాడింట చావుకీ పెళ్ళికీ ఎవరూ రారు. చిన్నతల్లి చిన్నప్పుడు అలాంటి ఇల్లొకటి ఖాళీ అయిపోవడం చూసింది. ఇప్పుడు చెబితే తన ఇల్లు. చెప్పకపోతే కూతురి ఇల్లు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అన్నారా?

"నా మొగుడు ఆ వంటింట్లో బంగాళాదుంపలు ఒలిచే దగ్గర్నుంచి పైకొచ్చాడు," అంది రూప.  "ఈ ఉద్యోగం పోతే మళ్ళీ వస్తుందా? టెక్కలిలో డిగ్రీ చదువుకుని ఈ ఇసకలో చేపలెండబెట్టడానికి వచ్చానా నేను?"

"సేపలెండబెట్టి బతికినోలమే మేం. సచ్చిపోనేదు."

"మీ అల్లుడి మీద నాకేం పగ అత్తయ్యా? ఆయన బాగుండాలనే నాకూ ఉంది. కానీ మనం నోరిప్పితే ఈయన మీద కేసవుతుంది. మీ కొడుకే జైలుకెళ్తాడు. అది కావాలా మీకు?"

ఫోన్ మోగింది. వాసు. రూప స్పీకరు పెట్టింది.

"అమ్మా, ఎవలికీ ఏటీ సెప్పనేదు కదా?"

"నేదు."

"బావ ఈపాటికి ఏదో ఒడ్డుకి సేరే ఉంతాడు. నువ్వు కంగారు పడకు."

"సేరితే ఇంటికి రాడా? ఫోన్ సెయ్యడా?"

అటు నుంచి గిన్నెల చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"ఒరే, ఆల్లు తప్పుదోవన ఎతుకుతన్నార్రా. పడిన సోటు సెప్తే సాలు."

"సోటు సెప్తే ఎలగ తెలిసిందని అడగరా? నీ నోటితోనే నన్ను ముంచుతావా అమ్మా? నాన్నకి తెలిసిందా?"

"తెల్దు."

"ఇప్పుడు తెలిసింది," అన్నాడు గోవిందరావు.

తలుపు తోసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. డీజిలు డబ్బా కోసం వచ్చినట్టున్నాడు. రూప చేతిలోంచి ఫోన్ లాక్కుని, "ఒరే వాసూ" అన్నాడు. అటు ఫోన్ కట్టయిపోయింది. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

అతను పెళ్ళాం వైపు తిరిగాడు. అంత కోపంగా అతన్ని చిన్నతల్లి ఎప్పుడూ చూడలేదు.

"నువ్వు సూసావా?"

"సూసాను."

"ఎక్కడ?"

"లైటౌసు దాటేక. లైటౌసు నెత్తి మీదకి సరిగ్గా మయేంద్రగిరి కొండ కొస వచ్చింది. అక్కడే."

గోవిందరావు కళ్ళు మూసుకున్నాడు. ఆ చోటు ఎక్కడో అతనికి తెలుసు. అక్కణ్ణుంచి నీరు ఎంత లాగినా మనిషి ఇంకా ఊరికి ఉత్తరానే ఉంటాడని కూడా తెలుసు. ఊరి బోట్లు పోతున్న దారికి అది పూర్తిగా ఎదురు దిక్కు.

రూప ఏడుపు మొదలెట్టింది. అతను దాన్ని పట్టించుకోలేదు. మూలనున్న డీజిలు డబ్బా ఎత్తి పట్టుకుని మెల్లగా అన్నాడు.

"నా బోటు నాను తీత్తాను. ఒక్కణ్ణే ఎల్తాను. దొరికితే తెత్తాను. ఎవలికీ సెప్పకండి."

"ఒక్కడివి ఏటి ఎతుకుతావు? రాత్తిరంతా నీరు కొట్టుకుపోనాది. ఎక్కడున్నాడో ఏటో! ఊరి బోట్లన్నీ ఎల్లాల."

"అన్నీ ఎల్లాలంతే సెప్పాల. సెప్తే ఈ ఊళ్ళో మనం ఉండం."

"ఉండొద్దు."

"నోర్ముయ్! నిన్నంతా మూసుకున్నావు కదా, ఇంకో పూట మూసుకో!"

ఆ మాట చిన్నతల్లికి తగలాల్సిన చోటే తగిలింది. మొగుడు కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఎందుకంటే అది నిజం. ఆమె నేల మీద చేతులాన్చి లేచింది. గుమ్మం వైపు నడిచింది.

రూప వెనక నుంచి కొంగు పట్టుకుంది. "అత్తయ్యా, మీ కొడుకు గురించి ఆలోచించండి!"

"నా కొడుకు వంటింట్లో ఉన్నాడు. ఎచ్చగా ఉన్నాడు. ఒగ్గు."

* * *

ఒడ్డున జనం మూగి ఉన్నారు. బోట్లు నీళ్ళలోకి తోస్తున్నారు. పొద్దు జీడితోటల వైపు దిగుతోంది. నారాయణమ్మ, గౌతమి తడి ఇసకలో నిలబడి ఉన్నారు. చిన్నతల్లి రావడం చూసి ఆడవాళ్ళు దారిచ్చారు. మర్యాదతో కాదు, తగలకూడదని.

"నువ్వెందుకొచ్చావు?" అంది నారాయణమ్మ.

చిన్నతల్లి ఆవిణ్ణి దాటుకుని పాపారావు దగ్గరికి నడిచింది.

"భావనపాడు ఎల్లకు బావా. అల్లుడు అక్కడ నేడు."

పాపారావు బోటు అంచు మీద నుంచి చెయ్యి తీశాడు. "ఏటీ?"

"అల్లుడు ఓడ కాడికి వచ్చాడు. నాను సూసాను."

బోట్లు తోస్తున్న కుర్రాళ్ళు ఆగిపోయారు. గౌతమి తల్లి దగ్గరికి వచ్చింది. నిన్నటి నుంచి మొదటిసారి తల్లి ముఖంలోకి చూసింది.

"బోటో?"

"తిరగబడిపోనాది."

"మనిసి?"

"బోటు మీద సెయ్యేసి ఉన్నాడమ్మా. బతికున్నాడు. నాను సూసినప్పుడు బతికే ఉన్నాడు."

"నిన్ను సూసాడా?"

 "సూసాడు."

"నువ్వేటి సేసావు?"

"లోపలికెల్లిపోనాను."

గౌతమి అరుస్తుందని, మీద పడి కొడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె అదేమీ చెయ్యలేదు. ఏదో ముఖ్యమైన విషయం తెలుసుకోవాలన్నట్టు నెమ్మదిగా అడిగింది.

"రాత్రి అక్కడ కూడు తిన్నావా?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే తేలికైన ప్రశ్న ఉండదు. కానీ చిన్నతల్లికి ఇంక అబద్ధం చేతకాలేదు.

"తిన్నాను," అంది.

గౌతమి ముఖం తిప్పేసుకుంది. "మావా, బేగి ఎల్లండి" అని పాపారావుతో అంది. 

వాసు ఫోన్ చేసి పిలిచిన సంగతి, లైటౌసు, కొండ, అన్నీ చిన్నతల్లి గబగబా చెప్పేసింది. పాపారావు బోట్లన్నిటినీ ఉత్తరానికి తిప్పమని అరిచాడు. భావనపాడు వైపు బయల్దేరిన బోట్లకి ఫోన్ చెయ్యమన్నాడు. తర్వాత చిన్నతల్లి వైపు చూశాడు. ఆ చూపులో బంధుత్వం ఏమీ మిగల్లేదు.

"సూసినోలు ముందు బోటులో కూకుని సోటు సూపించాల. ఎక్కు."

కుర్రాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు వేట బోటు ఎక్కరు. పెళ్ళికూతురైనా దాన్ని తాకి దణ్ణం పెట్టుకోవాల్సిందే తప్ప కాలు పెట్టకూడదు.

"ఆడమనిసి ఎక్కితే గంగమ్మకి కోపమొత్తాది మావా," అన్నాడొకడు.

"అంతెత్తు ఓడెక్కినప్పుడు రాని కోపం ఇప్పుడొత్తాదా? ఎక్కనీ."

ఒక్కరూ చెయ్యందించలేదు. చిన్నతల్లి చీర పైకి దోపుకుని, నడుము లోతు నీళ్ళలో అంచు పట్టుకుని, రెండుసార్లు జారిపోయి, మూడోసారికి బోటులో పడింది. మోకాలు చెక్కుకుపోయింది.

గోవిందరావు పరిగెత్తుకుంటూ వచ్చి అదే బోటు అంచు పట్టుకున్నాడు. పాపారావు అతని చెయ్యి తీసి పక్కన పెట్టాడు.

"నువ్వొద్దు."

"నాను సూడనేదు పాపారావు! రావివలస ఎండల మల్లన్న మీదొట్టు. ఇప్పుడే తెలిసింది నాకు."

"ఎప్పుడు తెలిసింది?"

"ఇందాక. ఇంట్లో."

"ఇందాకా? ఇంటి నుంచి ఇక్కడికి ఎంత దూరం? నీ పెళ్ళాం నీకంటే ముందెలగొచ్చింది?"

గోవిందరావు నీళ్ళలో నిలబడిపోయాడు. కూతురు అతని వంక కూడా చూడలేదు.

బోటు కదలబోతుంటే నారాయణమ్మ నీళ్ళలోకి దిగింది. కెరటం వచ్చి మీద పడినా ఆగలేదు. వచ్చి బోటు అంచు రెండు చేతులతో పట్టుకుంది. వాకిట్లో అరిచిన గొంతు కాదు ఇప్పుడు ఆవిడది.

"సిన్నతల్లీ, నా కొడుకు దొరికితే సరే. దొరక్కపోతే నువ్వు మల్లీ ఈ ఒడ్డు మీద దిగకు."

"దిగనొదినా," అంది చిన్నతల్లి.

పాపారావు ఇంజిను తాడు లాగాడు.

 వెనకాల ఊరి బోట్లన్నీ వరసగా వస్తున్నాయి. చిన్నతల్లి రెండు చేతులతో అంచు పట్టుకుని ఒడ్డు వైపే చూస్తోంది. లైటుహౌసు దగ్గరవుతోంది. కొండ కొస దానికి ఇంకా పక్కకే ఉంది. ఇంకొంచెం పోతే రెండూ ఒకదాని మీదకి ఒకటి వస్తాయి. ఆమె పెదవులు కదులుతున్నాయి. గంగమ్మని తిడుతోందో మొక్కుతోందో ఆమెకే తెలియదు.

పొద్దు కుంకింది. చలికాలపు మంచు పొలాల మీంచి లేచి కొండని కింద నుంచి మింగుతూ వచ్చింది.

లైటుహౌసులో దీపం వెలిగింది. పాపారావు ఇంజిను ఆపాడు. వెనక బోట్లు ఒక్కొక్కటీ ఆగాయి. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"సూపించు," అన్నాడు పాపారావు. "ఎక్కడ?"

చిన్నతల్లి కొండ కోసం చూసింది. దీపం వెనకాల అంతా ఒకటే బూడిద రంగు. కొండ లేదు, కొస లేదు.

"నిన్నే! ఎటు ఎల్లాల?"

చిన్నతల్లి చెయ్యెత్తింది. అన్ని బోట్లలోని మనుషులూ ఆ చేతి వంకే చూస్తున్నారు. దాన్ని ఎటు చాపాలో ఆమెకి తెలియలేదు.